నెట్‌వర్క్‌కు కాపలా కాసే చదువు: ఎం.టెక్ సీటు నుంచి స్టైపెండ్ దాకా

2016 జూన్ 13. ఢిల్లీలో ఉండే హక్కుల కార్యకర్త రోనా విల్సన్‌కు విరసం కవి వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి కొన్ని మెయిల్స్ వచ్చాయి. ఒక ఫైల్ తెరవమని వాటి సారాంశం. తెలిసిన మనిషి పేరు మీద వచ్చింది కదా అని ఆయన తెరిచాడు. ఆ క్షణం నుంచి ఆయన ల్యాప్‌టాప్ మరొకరి చేతుల్లోకి వెళ్లిపోయింది. నెట్‌వైర్ అనే ట్రోజన్ అందులో దిగింది. దాదాపు 22 నెలల పాటు ఎవరో దూరం నుంచి ఆ ల్యాప్‌టాప్‌లో తిరుగుతూ, ఆయనకు కనిపించని ఫోల్డర్‌లో ఉత్తరాలు పెట్టారు. 2018 ఏప్రిల్‌లో పుణె పోలీసులు ఆ ల్యాప్‌టాప్‌ను తీసుకెళ్లారు. ఆ ఉత్తరాలే భీమా కోరేగావ్ కేసులో సాక్ష్యాలయ్యాయి.

ఇదంతా 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని మాసచూసెట్స్‌లో ఉన్న ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ తన నివేదికలో చెప్పిన మాట. అదే ఏడాది జూలైలో నాగపూర్ దళిత న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్ కంప్యూటర్ గురించి కూడా ఆ సంస్థ దాదాపు ఇదే చెప్పింది. ఎన్ఐఏ ఈ నివేదికలను ఒప్పుకోలేదు. కేసు కోర్టులోనే ఉంది. కోర్టు ఏం తేలుస్తుందన్నది ఈ వ్యాసం విషయం కాదు. మమ్మల్ని పట్టుకుని వదలనిది వేరే సంగతి. మన ఉద్యమంతో ముడిపడిన ఒక కేసులో, మన లాయర్ కంప్యూటర్‌లో ఏం జరిగిందో చదివి చెప్పడానికి సముద్రాల అవతల మనిషి కావలసి వచ్చింది. విల్సన్ దగ్గరున్న వర్డ్ సాఫ్ట్‌వేర్ పాతది, ఆ ఉత్తరాల్లో కొన్ని తయారైంది అంతకంటే కొత్తదానిలో అని పట్టుకోవడం మంత్రవిద్య కాదు. రెండేళ్లు కుదురుగా కూర్చుని నేర్చుకోగలిగే చదువు.

ఆ చదువు పేరు టెలికమ్యూనికేషన్, నెట్‌వర్క్ సెక్యూరిటీ. బి.టెక్ చివరి ఏడాదిలో ఉన్న మన పిల్లలు ప్రతి వేసవిలో మమ్మల్ని దీని గురించి అడుగుతూనే ఉన్నారు. ఎలా చేరాలి, ఎంత ఖర్చు, చేరాక నెగ్గుకు రాగలమా? ఈ మూడు ప్రశ్నలకు మాకు తెలిసినంతలో ఇక్కడ జవాబు రాస్తున్నాం.

ఏం చదువుతారు

మీ జేబులో ఉన్న సిమ్ కార్డుతోనే మొదలుపెడదాం. అందులో ఒక రహస్య సంఖ్య ఉంటుంది. అదే సంఖ్య కంపెనీ దగ్గర కూడా ఉంటుంది. టవర్ ఒక లెక్క ఇస్తుంది, సిమ్ ఆ రహస్య సంఖ్యతో దాన్ని చేసి జవాబు పంపుతుంది. సరిపోతే లోపలికి రానిస్తారు. 2జీ కాలంలో ఈ తనిఖీ ఒక వైపే జరిగేది. టవర్ మనల్ని అడుగుతుంది, నువ్వెవరని టవర్‌ను మనం అడగలేం. అందుకే దొంగ టవర్ పెట్టి ఫోన్లను తన వైపు లాక్కోవడం సాధ్యమైంది. అడిగే హక్కు ఒక వైపే ఉన్న ఏర్పాటు ఎలా ఉంటుందో వాడలో పెరిగినవాళ్లకు వేరే చెప్పాలా! 3జీ నుంచి రెండు వైపులా తనిఖీ వచ్చింది. అయినా పాత లోపాలు పోలేదు. దేశదేశాల టెలిఫోన్ కంపెనీలు తమలో తాము మాట్లాడుకునే ఎస్ఎస్7 పద్ధతి ఒకరినొకరు నమ్ముకున్న కాలంలో పుట్టింది. 2017లో జర్మనీలో దొంగలు దాని ద్వారానే బ్యాంకు ఓటీపీలను దారి మళ్లించి ఖాతాలు ఖాళీ చేశారు.

మన ఇంటికి దగ్గరి ఉదాహరణ కావాలంటే 2018 నాటి తెలంగాణ కేసు ఉంది. భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి, వాటితో ఒక మొబైల్ షాపు యజమాని వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. వేలిముద్ర పాస్‌వర్డ్ లాంటిదైతే, పోయిన పాస్‌వర్డ్‌ను మార్చుకోవచ్చు. పోయిన వేలిని ఏం చేస్తాం? ఉపాధి హామీ కూలి డబ్బుల కోసం బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టే అమ్మలందరికీ సంబంధించిన ప్రశ్న ఇది. దీని మీద మంచి ఎం.టెక్ థీసిస్ రాయవచ్చు. మన పిల్లలే రాస్తే ఇంకా బాగుంటుంది. మెషిన్ మూడుసార్లు వేలు తీసుకోకపోతే ఆ రోజు ఇంట్లో ఏం జరుగుతుందో వాళ్లకు తెలుసు.

కోర్సులో చెప్పేవి ఇవి: కంప్యూటర్ నెట్‌వర్క్స్, క్రిప్టోగ్రఫీ, వైర్‌లెస్ కమ్యూనికేషన్, ఇన్ఫర్మేషన్ థియరీ, ఆపరేటింగ్ సిస్టమ్స్ భద్రత, డిజిటల్ ఫోరెన్సిక్స్. వీటన్నిటి కింద ఉండేది లెక్కలు. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, ప్రధాన సంఖ్యల అంకగణితం. 1976లో డిఫీ, హెల్‌మన్ చూపిన పద్ధతి ఇద్దరు అపరిచితులు అందరూ వింటుండగానే ఒక రహస్యాన్ని తయారు చేసుకోవచ్చని నిరూపించింది. ఇవాళ మీ ఫోన్‌పే దాకా వచ్చిన భద్రతకు పునాది అక్కడుంది. అది అర్థం కావడానికి ఇంటర్ లెక్కలు గట్టిగా వస్తే చాలు. ఇంగ్లిష్ మాట్లాడటం రాదని భయపడి ఈ దారి మానేసినవాళ్లు మాకు చాలామంది తెలుసు. వాళ్లలో సగం మందికి లెక్కలు తోటివాళ్ల కంటే బాగా వచ్చు.

పుస్తకాలకు డబ్బు లేదని ఆగొద్దు. కురోస్ అండ్ రాస్, ఫొరౌజాన్, స్టాలింగ్స్ పుస్తకాలు ఏ యూనివర్సిటీ లైబ్రరీలోనైనా దొరుకుతాయి. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితం. వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకుంటే చక్కగా నడుస్తుంది. మీ సొంత వైఫైలో వచ్చీపోయే ప్యాకెట్లను అందులో చూడటం మొదలుపెడితే నెల రోజుల్లో పుస్తకం వేరేగా కనిపిస్తుంది. సొంత వైఫై అన్నాం, గుర్తుంచుకోండి. పక్కవాళ్ల నెట్‌వర్క్‌లోకి అనుమతి లేకుండా వెళ్లడం ఐటీ చట్టం కింద నేరం. మన పిల్లల మీద కేసు పెట్టడానికి ఎవరూ పెద్దగా ఆలోచించరు.

సీటు

తలుపు గేట్ పరీక్ష. మూడు గంటలు, 100 మార్కులు, అందులో 15 జనరల్ ఆప్టిట్యూడ్. నెట్‌వర్క్ సెక్యూరిటీ వైపు వెళ్లాలంటే ఎక్కువ చోట్ల కంప్యూటర్ సైన్స్ పేపర్, టెలికమ్యూనికేషన్ వైపు అయితే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ పేపర్ రాయాలి. డిగ్రీ మూడో ఏడాదిలోనే రాయవచ్చు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎస్సీ, ఎస్టీలకు దరఖాస్తు ఫీజు సగం. అర్హత మార్కు జనరల్ వాళ్లదానిలో మూడింట రెండొంతులు. 2025 కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో జనరల్ అర్హత 29.2 అయితే మనది 19.4.

ఈ 19.4 దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆ మార్కుతో ఐఐటీ సీటు రాదు. కానీ అది దాటితే మీరు గేట్ క్వాలిఫైడ్. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో ఆ స్కోరుతో ఫుల్‌టైం ఎం.టెక్ చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్‌కు అర్హులు, 24 నెలల పాటు. మీ ఊరి పక్క యూనివర్సిటీ కాలేజీకైనా ఇది వర్తిస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక గేట్ రాయకుండా పీజీఈసెట్‌తో చేరి, రెండేళ్లు నయాపైసా లేకుండా చదివినవాళ్లు మా మధ్యే ఉన్నారు. పీజీఈసెట్ ర్యాంకుతో సీటు వస్తుంది, ఈ స్టైపెండ్ రాదు.

ఐఐటీలకు దరఖాస్తు విడివిడిగా పెట్టాలి, వాళ్లిచ్చే ఆఫర్లను మాత్రం కోప్ అనే ఒకే పోర్టల్‌లో ఒప్పుకోవాలి. ఎన్ఐటీలు, చాలా ట్రిపుల్ ఐటీలు సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో ఉంటాయి. మన దగ్గరే వరంగల్ ఎన్ఐటీలో కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఎం.టెక్ ఉంది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ అండ్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఉంది. రెండేళ్లు ఆగలేని ఇంటి పరిస్థితి ఉంటే సీ-డాక్ నడిపే పీజీ డిప్లొమాలు చూడండి, నెలల్లో అయిపోతాయి. అయితే డిప్లొమాతో పీహెచ్‌డీకి వెళ్లలేరు.

కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. అక్కడ ఎస్సీ అంతా ఒకే వరుస. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో లెక్క మారింది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న వర్గీకరణ అమల్లోకి వచ్చి 15 శాతం మూడు గ్రూపులైంది: 1, 9, 5. ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5. వర్గీకరణ మీద మా పాఠకుల్లో రెండు వైపులా బలమైన అభిప్రాయాలున్నాయి, ఆ చర్చ ఇక్కడ వద్దు. కాగితం సంగతి మాత్రం చూసుకోండి. రాష్ట్ర సీటుకు గ్రూపు రాసి ఉన్న పత్రం కావాలి. ఐఐటీ, ఎన్ఐటీలకు కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న కుల ధృవీకరణ పత్రం అడుగుతారు. రెండూ ముందే తీసి పెట్టుకోవాలి.

డబ్బు

మాలో ఒకరి కథ చెబుతాం. ఈసీఈ చదివాడు, గేట్‌లో మంచి స్కోరు, ఒక ఎన్ఐటీలో కమ్యూనికేషన్స్ సీటు వచ్చింది. బి.టెక్ చేసిన ప్రైవేటు కాలేజీకి ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండేళ్లుగా రాలేదు. బకాయి కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. అమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు అడిగింది, మూడు రోజులు ఆగమన్నారు. కౌన్సెలింగ్ రెండు రోజుల్లో ముగిసింది. మరుసటి ఏడాది అదే స్కోరుతో రాష్ట్ర యూనివర్సిటీలో చేరాడు. ఇవాళ ఒక బ్యాంకు నెట్‌వర్క్‌ను కాపాడే ఉద్యోగంలో ఉన్నాడు. ఎన్ఐటీ ప్రస్తావన వస్తే ఇప్పటికీ మాట మారుస్తాడు.

విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను సంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. కాలేజీ కౌంటర్‌లో ఆ నోటిఫికేషన్ పేరు చెబితే నవ్వుతారు. కలెక్టరేట్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకుని ప్రిన్సిపాల్‌కు చూపిస్తే నవ్వరు. ఈ పని ఫలితాలు వచ్చిన వారంలోనే మొదలుపెట్టాలి, సీటు వచ్చాక కాదు.

ఐఐటీ, ఎన్ఐటీల్లో సాధారణంగా ఎస్సీ, ఎస్టీలకు ట్యూషన్ ఫీజు ఉండదు. హాస్టల్, మెస్ కట్టాలి. స్టైపెండ్ దానికి సరిపోతుంది, ఇంటికి పంపడానికి మిగలదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2019లో 31,000కు, 2023లో 37,000కు పెరిగింది. ఎం.టెక్ 12,400 కదల్లేదు. పైగా నెలనెలా రాదు. కాలేజీ మీ పేరును ఏఐసీటీఈ పోర్టల్‌లో ఎక్కించాలి, మీ ఆధార్ బ్యాంకు ఖాతాకు అనుసంధానమై ఉండాలి, ప్రతి నెలా హాజరు ధృవీకరించాలి. ఈ గొలుసులో ఏ కడియం తెగినా డబ్బు ఆగుతుంది. చేరిన మొదటి నెలలోనే మీ పేరు పోర్టల్‌లో ఎక్కిందో లేదో ఆఫీసులో అడిగి చూడండి. పోర్టల్ గడువు దాటితే ఆ గుమాస్తా చేయగలిగింది ఏమీ ఉండదు. ఒకేసారి రెండు స్కాలర్‌షిప్‌లు కూడా కుదరవు, ఏది లాభమో ముందే లెక్క వేసుకోండి.

ప్రైవేటు కాలేజీలో పీజీ చేరేవాళ్లు మరీ జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్‌లో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులను ఫీజు రీయింబర్స్‌మెంట్ నుంచి తప్పించింది. చాలామందికి ఆ సంగతి చేరాకే తెలిసింది. మీ కోర్సుకు, మీ కాలేజీకి పథకం వర్తిస్తుందని సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కున్నాకే అడ్మిషన్ ఫీజు కట్టండి.

ఆగిపోయిన స్టైపెండ్‌ను చిన్న విషయం అనేవాళ్లకు మేం ఒక్కటే గుర్తుచేస్తాం. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయేటప్పుడు రాసిన చివరి ఉత్తరంలో తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ లెక్క కూడా ఉంది.

విదేశం

తెలుగు ఇళ్లలో మాస్టర్స్ అంటే అమెరికా. మన వాడల నుంచి కూడా ఇప్పుడు వెళ్తున్నారు, ఎక్కువమంది అప్పుతోనే. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్‌సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 125 మందికి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం, క్యూఎస్ ర్యాంకింగ్‌లో మొదటి 500లో ఉన్న యూనివర్సిటీలో సీటు కావాలి. 30 శాతం అమ్మాయిలకు. కాగితం మీద గొప్ప పథకమే. 2025–26కు 106 మందిని ఎంపిక చేసి, తొలుత 40 మందికే అవార్డు ఉత్తరాలు ఇచ్చి, మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. సీటు చేతిలో పెట్టుకుని ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ 66 ఇళ్లనే అడగాలి. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్‌సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా వస్తుంది. అది కూడా వెళ్లాక, విడతలుగా. మొదటి సెమిస్టర్ డబ్బు మీరే చూసుకోవాలి.

జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, నిజమే. కానీ వీసాకు ముందే ఏడాది ఖర్చు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. పదకొండు పన్నెండు లక్షలు. కన్సల్టెన్సీ వాళ్లు ‘ఉచిత చదువు’ అని పెద్దగా రాసి ఈ మాట చిన్నగా రాస్తారు.

ఇక అమెరికా వెళ్తే కులం విమానాశ్రయంలో దిగిపోతుందన్న భ్రమ. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ పౌరహక్కుల విభాగం సిస్కో మీద కేసు వేసింది. ప్రపంచంలో సగం నెట్‌వర్క్ పాఠాలు ఆ కంపెనీ రూటర్ల మీదే చెబుతారు. ఒక దళిత ఇంజనీర్ ఐఐటీలో రిజర్వేషన్‌తో చేరాడని అతని పైఅధికారి తోటివాళ్లకు చెప్పాడనీ, దాన్ని ప్రశ్నించాక అతన్ని పక్కన పెట్టారనీ ఆరోపణ. కంపెనీ కాదంది. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు మేనేజర్ల మీద కేసు ఎత్తేశారు, కంపెనీ మీద కొనసాగించారు. ఆరోపణలో గమనించాల్సింది ఒకటుంది: ఏళ్ల కిందటి ర్యాంకు జాబితా మనిషి వెంట శాన్ హోసే దాకా వచ్చింది.

చేరాక

‘గేట్ స్కోరెంత?’ అనే ప్రశ్న మొదటి వారంలోనే వస్తుంది. అడిగేది స్కోరు గురించి కాదని అడిగినవాడికీ తెలుసు, మీకూ తెలుసు. 2023లో ఐఐటీ బాంబే తన మార్గదర్శకాల్లో జేఈఈ ర్యాంకు, గేట్ స్కోరు అడగడం తగదని రాసింది. ఆ కాగితం అన్ని క్యాంపస్‌లలో లేదు. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పి తలెత్తుకు నిలబడ్డవాళ్లూ ఉన్నారు, చెప్పకుండా చదువు పూర్తి చేసినవాళ్లూ ఉన్నారు. ఇద్దరినీ మేం తప్పు పట్టం.

అసలు దెబ్బ మరోచోట తగులుతుంది. చాలా చోట్ల మొదటి ఏడాది చివరకు థీసిస్ గైడ్‌ను కేటాయిస్తారు. మంచి ప్రాజెక్టు, ల్యాబ్ తాళం, సిఫారసు ఉత్తరం అన్నీ ఆ ఒక్క మనిషి చేతిలో ఉంటాయి. గైడ్లు తమకు నచ్చినవాళ్లను ముందే మాటల్లో తీసేసుకుంటారు. మనవాళ్లు నోటీసు బోర్డులో జాబితా వచ్చేదాకా ఆగుతారు, అప్పటికి అంతా అయిపోతుంది. రెండో సెమిస్టర్ మొదట్లోనే వెళ్లి, ఆ ప్రొఫెసర్ రాసిన ఒక పేపర్ చదివి, దాని మీద ఒక ప్రశ్నతో తలుపు తట్టండి. వివక్ష అనిపిస్తే తేదీలు, మాటలు, మెయిల్స్ రాసి పెట్టుకోండి. ఎస్సీ, ఎస్టీ సెల్‌కు మెయిల్ పంపితే దానికి తేదీ ఉంటుంది, నోటిమాటకు ఉండదు.

పీహెచ్‌డీ దాకా వెళ్లేవాళ్లు ఇంకా తక్కువ. 2015 నుంచి 2019 దాకా ఐఐటీలన్నీ కలిపి పీహెచ్‌డీలో చేర్చుకున్నవాళ్లలో ఎస్సీలు 9.1 శాతం, ఎస్టీలు 2.1 శాతం. ఇవి ప్రభుత్వం ఇచ్చిన అంకెలే. 15, 7.5 పక్కన పెట్టి చూడండి. రేపు గైడ్ కుర్చీలో కూర్చోవాల్సింది ఈ పీహెచ్‌డీవాళ్లే.

గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు చివర్లో తెరుస్తారు, పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితాలు మార్చిలో. దరఖాస్తులోనే కుల ధృవీకరణ పత్రం అప్‌లోడ్ చేయాలి. దాని మీద పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటే తహశీల్దార్ ఆఫీసులో సరిచేయించడానికి వారాలు పడుతుంది. ఈ వారమే మీసేవకు వెళ్లండి.